నాలుగో ట్యాంకు మీది మాట

పటాన్‌చెరు
3 నవంబరు 2024, ఆదివారం

మామకు రవళి దండాలు.

నీకు ఇప్పుడు కుడి చెవి గూడ వినవడ్తలేదని, ఫోన్ల మాట్లాడుడు బంద్ చేసినవని అమ్మ చెప్పింది. బాధైంది. మళ్ల ఒక సంతోషం గూడ అయింది, ఎందుకంటే ఇగ మనం ఉత్తరాలు రాసుకోవచ్చు. నేను హాస్టల్ల ఉన్నప్పుడు నువ్వు రాసిన కార్డులు ఇంకా నా సూట్‌కేసుల ఉన్నయి. అత్తకు మెసేజ్ పెడ్దామంటే ఆమెది బటన్ల ఫోనాయె.

నాకు నౌకరి దొరికింది మామా. పాశమైలారంల ఒక ఫ్యాక్టరీ ఆరేండ్ల సంది మూతవడి ఉన్నదట. దాన్ని ఒక కొరియా కంపెనీ కొన్నది. మళ్ల నడిపియ్యడానికి ముగ్గురు కొరియా ఇంజనీర్లు వచ్చిండ్రు. వాళ్లకు ఇంగ్లీషు నేర్పుడు నా పని. ఎం.ఏ. చేసి రెండేండ్లు ట్యూషన్లు చెప్పుకుంట తిరిగినదానికి ఇది మస్తు కొలువు. పటాన్‌చెరులనే రూము కిరాయికి తీసుకున్న. నాతోని వనజ అని ఒకామె ఉంటది, మందుల కంపెనీల ప్యాకింగ్ చేస్తది. పొద్దున ఇద్దరం ఒకటే షేర్ ఆటోల పోతం. నా ఫ్యాక్టరీ గేటు కాడ కొరియా ఇంజనీర్లవి తప్ప అందరి ఫోన్లు తీసుకొని డబ్బాల పెట్టి తాళమేస్తరు. సాయంత్రం దాక నేను గూడ నీ లెక్కనే.

ముగ్గుర్ల ఇద్దరు పోరగాళ్లు క్లాసుకు రారు, ఫోనే వాళ్లకు మాట్లాడిపెడ్తది. మూడో ఆయన సో సార్. యాభై నాలుగేండ్లుంటయి. ట్యాంకుల లోపలి పూత బాగున్నదా లేదా చూసే పని ఆయనది. పొద్దుగాల ప్లాంటంత తిరిగి, ఆడీడ తుప్పు పట్టిన బోర్డుల మీద ఏ మాట కనవడితే ఆ మాట చిన్న బుక్కుల రాసుకొని వస్తడు. దినానికి ఒక్క మాట. మొన్న తెచ్చిన మాట "ఇనర్ట్". నాలుగో ట్యాంకు మీద ఎర్ర రంగుతోని రాసి ఉన్నదట. కొరియా వాళ్లకు మన లెక్కనే మాట చివర అచ్చు లేకుంటే నోరు మూతవడదు. మనం ఇనర్టు అంటం, ఆయన "ఇనొతు" అంటడు.

ఆయన జేబు డిక్షనరీల దాని అర్థం "కదిలే సత్తువ లేని" అని ఉన్నది. నేను ఏం చెప్పిన్నంటే, ఏమీ చెయ్యనిది, ఊకె ఉండేది అని. వాక్యం రాయుమంటే "ఆదివారం నాడు నేను ఇనర్ట్" అని రాసిండు. పడి పడి నవ్విన.

ట్యాంకు మీద ఆ మాట ఎందుకు రాస్తరు మామా? మన సైన్సు పుస్తకంల జడవాయువు అని చదివినట్టు యాదికున్నది. వనజనడిగితే "జడ అంటే ఎంట్రుకల జడనా?" అన్నది. నువ్వు పాశమైలారంల అన్నేండ్లు చేసినవు గదా, నీకు తెల్సుంటది. రాయి.

అత్తకు నా దండాలు చెప్పు.

నీ కోడలు
రవళి


నారాయణఖేడ్
9 నవంబరు 2024

రవళికి మామ ప్రభాకర్ రాసేది.

ఉత్తరం అందింది. రెండుసార్లు నేను చదువుకొని మూడోసారి మీ అత్తకు చదివి వినిపించిన. నాకు నా గొంతు వినరాదాయె, ఎంత గట్టిగ చదివిన్నో ఏమో, పక్కింటోళ్లు గూడ వచ్చి నీకు కొలువు దొరికిందని సంబురపడ్డరు.

ఇక్కడ నర్సరీల పని నడుస్తున్నది. కానుగ, సీతాఫలం మొలకలకు నేనే నీళ్లు పడ్త. కంచె సందుల నుంచి మేకలు దూరి ముప్పై సీతాఫలాలు కొసలు కొరికినయి. కొసవోయినా బతుకుతయి గని పొట్టిగ పెరుగుతయి.

నువ్వు మాట అడిగినవు. నేను భానూర్ల కిరాయికుండి పదహారేండ్లు పాశమైలారంల డ్యూటీ చేసింది నిజమే. అయితే అన్ని మర్చిపోయిన. ఆ మాటకు అర్థం నాకు తెల్వదు. ఇంగ్లీషుల మాటలకు కరువా బిడ్డా? ఆ ఒక్కటి ఇడిసిపెట్టు. ఎవ్వరికీ నేర్పకు.

కొరియా వాళ్లు కొన్నరని రాసినవు, ఆ కంపెనీ పాత పేరు అడిగి రాయి. గేటు ఏ దిక్కుకున్నది? ట్యాంకులు ఎన్ని?

వేళకు తిను. బయట నీళ్లు తాగకు.

మామ


పటాన్‌చెరు
16 నవంబరు 2024

మామకు,

నీ ఉత్తరం చదివి కొంచెం కోపం వచ్చింది, చెప్తున్న. "నేర్పకు" అని రాసినకాడ కలం ఎంత ఒత్తినవంటే కాయితం చినిగింది. పరాయి దేశపోని ముంగట ఒక్కదాన్ని కూసొని పాఠం చెప్తున్నానని నీకు పరేషాన్ అయితున్నదని అమ్మ అంటున్నది. గదే అయితే విను. సో సార్‌కు నాకంటె పెద్ద బిడ్డ ఉన్నది. భార్య పోయి నాలుగేండ్లాయె. పెద్దమనిషి. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు నాకు ఒక ఉడకపెట్టిన చిలగడదుంప చేతులవెట్టి, నేను తినేదాక చూస్తడు. మర్యాద తప్పి ఒక్క మాట అనలేదు.

పాత పేరు తెల్సుకుందామని చూసిన. గేటు మీద అక్షరాలు గీకి రంగేసిండ్రు. వాచ్‌మన్ యాదన్నను అడిగితే "కంపెనీ మూతవడ్డంక వచ్చిన నేను, నాకేం ఎర్కలేదు మేడం" అన్నడు. గేటు తూర్పుకున్నది. లోపలికి పోంగనే పాడువడ్డ లారీల కాంటా. దాని ఎన్క రేకుల షెడ్డుల ఐదు ట్యాంకులు వరుసగ. ఒక్కొక్కటి ఇద్దరు మనుషులంత ఎత్తు. ఎక్కనీకి ఇనుప నిచ్చెన, పైన మనిషి దూరేంత మూత.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న బేస్తవారం సో సార్ హోంవర్క్ చూపెట్టిండు. మొదటి వాక్యం: "నాలుగో నంబరులో ఉన్న మనిషి ఇనర్ట్."

నేను దిద్దిన. "మనిషికి ఆ మాట అంత కుదరదు సార్. పని లేకుండ కూసున్న మనిషైతే ఐడిల్ అనాలె."

ఆయన జేబు డిక్షనరీ తిరగేసిండు. "కాదు టీచర్. ఐడిల్ మనిషికి పని చేసే బలం ఉంటది, చెయ్యడు అంతే. ఈయనకు బలం లేదు. లేవలేడు."

"ఎవరు సార్?"

"నాలుగులో ఉన్నాయన."

కుర్చీలకెల్లి లేచి నేల మీద కూసొని చూపెట్టిండు మామా. రెండు మోకాళ్లు ఛాతికి దగ్గరికి తీసుకొని, తల కొంచెం ఎడమకు వంచి. తలకు గుడ్డ చుట్టుకున్నట్టు చేత్తోని చూపెట్టిండు. పెద్ద వయసాయన, ప్యాంటు మోకాళ్లకు దుమ్ము అంటింది. గట్లనే ఉన్నడు, జల్దీ లేవలేదు.

తర్వాత లేచి దుమ్ము దులుపుకొని, "ఇంకో మాట చెప్పుండ్రి" అన్నడు, ఏం కానట్టు.

ఇంటి మీద బెంగ పెట్టుకున్నడేమో అనుకున్న. ఒంటరిగ ఉంటే గట్లనే అయితదేమో.

అర్థం తెల్వకుంటే తెల్వదని రాయి గని, నేర్పకు అని మాత్రం అనకు. నాకు అదే బతుకుదెరువు.

రవళి


నారాయణఖేడ్
21 నవంబరు 2024

రవళీ,

ఉత్తరం ఇప్పుడే అందింది, పోస్టాఫీసుల నిలవడే రాస్తున్న.

తలకు చుట్టిన గుడ్డ ఏ రంగుదో అడిగి రాయి. ఆయన లోపలికి చూసిండంటే ఆ ట్యాంకు మూత తెరిచే ఉన్నట్టు, ఎందుకున్నది? ఎప్పటి సంది తెరిచి ఉన్నది?

ఆయనకు గాలి తగిలింది. గాలి తగిలిన మనిషికి గట్లనే కనవడ్తది. నాలుగో దాని దగ్గరికి ఆయనను పోనియ్యకు. నువ్వు అస్సలుకే పోకు. మూత వేపియ్యి.

నీ మీద కోపం లేదు. నీకు ఒక సంగతి రాయాలె. నాలుగుసార్లు మొదలువెట్టి చింపేసిన. రాస్త.

మామ


పటాన్‌చెరు
27 నవంబరు 2024, బుధవారం

మామా,

నువ్వేనా గిట్ల రాసేది? గాలి తగిలిందట! చిన్నప్పుడు అమావాస్య నాడు నేను బయటికి పోనని ఏడుస్తే, గాలీ లేదు దయ్యమూ లేదు అని నన్ను భుజాల మీద ఎక్కించుకొని పొలం దాక తిప్పుకొచ్చింది నువ్వే గదా. నీ ఉత్తరం మంగళారం నాడు గేటు కాడ ముంగటనే చదివిన. యాదన్న ఏంది ఏంది అంటే నవ్వుకుంట చెప్పిన. నా తప్పే. తెల్లారేసరికి ఆయన నాలుగో ట్యాంకు నిచ్చెనకు ఏడు నిమ్మకాయలు, ఏడు ఎండుమిరపకాయలు కట్టిపెట్టిండు. ఇప్పుడు కూలోళ్లంత దాని నీడ గూడ తొక్కకుండ చుట్టు తిరిగి పోతున్నరు. మేనేజర్ నన్ను పిలిచి "మేడం, చదువుకున్నోళ్లు మీరే గిట్ల పుకార్లు లేపితే ఎట్ల?" అని గరమైండు.

నవ్వుకుంట మొదలువెట్టిన గని మామా, నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు.

సో సార్ దినాం మధ్యాహ్నం తిన్నంక నాలుగో దాని మీదికెక్కి మూతల తలవెట్టి చూసి వస్తడు. వచ్చినంక తల నొప్పి అంటడు. పెదవులు ఒక రకం నీలంగ ఉంటయి. పాఠం నడుమల కండ్లు మూతలువడ్తయి. ఆయన బుక్కుల ఇప్పుడు అన్ని వాక్యాలు ఆ మనిషి మీదనే. "ఆయన ఇయ్యాల గూడ లేవలేదు." "ఆయన తల గుడ్డ ఎర్ర గీతలది." నువ్వు రంగు అడిగినవు గదా. నేను అడగక ముందుకే రాసుకొచ్చిండు.

నిన్న క్లాసుల నన్ను అడిగిండు, "టీచర్, ఇది ఏ భాష?" అని. అని, కండ్లు మూసుకొని, పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్క ముక్క పలికిండు.

"ఎమ్. రసిన్రు. అన్నా."

రెండోసారి అన్నప్పుడు నాకు అర్థమైంది. ఏం రాసిండ్రు అన్నా.

ఎవరు చెప్పిండ్రు సార్ మీకు అంటే, "ఆయన అడుగుతడు. దినాం ఇదే. నాకు జవాబు రాదు" అన్నడు. కూలోళ్లు బీహారోళ్లు, తెలుగు రాదు. యాదన్న ఆ నిమ్మకాయలు కట్టనీకి తప్ప షెడ్డుల ఎన్నడు అడుగు పెట్టలేదు. ఆ మాట ఆయనకు నేర్పేటోళ్లు ఎవ్వరూ లేరు. పొద్దుమీకి రూముకు పోయినంక వనజను ఆ రెండు మంచాలు దగ్గరికి జరుపుమన్న. ఎందుకని అడగలేదు, జరిపింది.

కొంచెం మంచి మాట గూడ రాస్త. వచ్చే సోమవారం, రెండో తారీఖు, మధ్యాహ్నం మూడు గంటలకు ట్యాంకుల లోపలికి దిగి పూత చూస్తరు. ముందుగాల నాలుగోదే. ఇద్దరు కూలోళ్లు రుద్దనీకి, ఎన్క సో సార్. పాత గ్యాసు పైపులు అన్ని కోసేసినమని మేనేజర్ అంటున్నడు. కూలోళ్లు నిమ్మకాయలు చూసి భయపడ్తున్నరని, ధైర్యం కోసం ఆ ఎర్ర మాట కింద హిందీల, తెలుగుల అర్థం రాయుమని నాకే చెప్పిండు. నిచ్చెన మీద నిలవడి తెల్ల రంగుతోని రాసిన, అందరికి కనవడేటట్టు: "ఇనర్ట్ అంటే ఏమీ చెయ్యనిది." ఫ్యాక్టరీల నా చేతి రాత అదే మొదలు. అమ్మకు ఫోటో పంపుదామంటే ఫోను గేటు కాడ ఉండె.

నువ్వు రాస్తనన్న సంగతి రాయి. నాకు ఇగ కోపం లేదు.

రవళి


బస్సుల
2 డిసెంబరు, సోమవారం

గేటు కాడ ఉన్న అన్నకు: నాకు చెవులు వినరావు, నువ్వు ఏమన్నా నాకు తెల్వదు. ఈ కాయితం ఇంగ్లీషు టీచర్ రవళికి ఈ నిమిషమే ఇయ్యి. నాలుగో ట్యాంకులకు ఎవ్వర్నీ దిగనియ్యకుండ్రి. మూడు గంటలకు దిగేదున్నదట. లోపల ఉన్నది మనిషి ఊపిరి ఆపే గాలి. దిగిన మనిషి బయటికి రాడు.

రవళీ, నీ ఉత్తరం ఇయ్యాల పది దాటినంక అందింది. అత్తతోని నీకు ఫోన్ చేపిచ్చిన, మోగి మోగి ఆగింది. డబ్బాల ఉంటదని నువ్వే రాస్తివి. నర్సరీకెల్లి గట్లనే వచ్చి బస్సెక్కిన. కాళ్లకు మట్టి గూడ కడుక్కోలేదు. మొలకల లెక్క రాసే నోటుబుక్కు మీదనే రాస్తున్న, బస్సు ఊగుతున్నది, కూడవెట్టుకొని చదువు.

నేను రాసిన గాలి దయ్యపు గాలి కాదు బిడ్డా. పైపుల గాలి. నైట్రోజన్. సక్కగ రాయకపోవుడు నా తప్పు. ఆ మాటకు అర్థం తెల్వదని రాసింది అబద్ధం. ఆ మాట ట్యాంకు మీద రాసిననాడు నేను ఆడనే ఉన్న. గేటు తూర్పు, లారీల కాంటా, ఐదు ట్యాంకులు. అది నేను చేసిన కంపెనీయే.

ఇనర్ట్ అంటే దేంతోని కలవనిది, మంట అంటుకోనిది, కంపెనీల తయారుచేసే మందు పాడుగాకుండ ట్యాంకుల నింపేది. మందును అది ఏమీ చెయ్యదు. మనిషి పీలిస్తే మాత్రం, వాసన లేదు, మంట లేదు, దగ్గు రాదు. రెండు మూడు ఊపిర్లల్ల కూలవడ్తడు. సోయి తప్పుతున్నదని గూడ ఎర్కవడదు.

శంకరంపేట దాటింది.

2010ల నా కింద కాంట్రాక్టు మీద నాగయ్య అని ఒకాయన పని చేస్తుండె. భానూరాయన. ముప్పై ఐదేండ్లు. చదువు రాదు. ఎర్ర గీతల తువ్వాల తలకు చుట్టుకునేటోడు. ఆ దినం నాలుగో దాంట్ల రుద్దే బ్రష్షు పడిపోయింది. నేను లాగ్ షీటు నింపుతున్న. నాగయ్య నిచ్చెన మీదికెల్లి ఆ ఎర్ర అక్షరాల దిక్కు చెయ్యి చూపెట్టి అడిగిండు, "ఏం రాసిండ్రు అన్నా?"

నేను తల ఎత్తలేదు. "ఏం చెయ్యదు అని రాసిండ్రు" అన్న.

ఇంతే అన్న. సూపర్‌వైజర్ నాకు ఎట్ల చెప్పిండో నేను గట్లనే చెప్పిన. లోపలికి దిగకు అని ఒక్క మాట అనలేదు. దిగుతడని అనుకోలేదు. షీటు నింపి చాయ్ తాగనీకి పోయిన.

జోగిపేట. ఇక్కడ బస్సు చానాసేపు ఆగింది. టైము ఒంటిగంట కావస్తున్నది.

చాయ్ తాగి వచ్చి చూస్తే పైన లేడు. మూతలకెల్లి చూసిన. అడుగున కూసొని ఉన్నడు. మోకాళ్లు దగ్గరికి తీసుకొని, తల ఎడమకు వంచి. ఎండకు అలసి నీడకు కూసున్నట్టు. నాకు కోపం వచ్చింది బిడ్డా. "ఏం నాగయ్యా, పని ఎగ్గొట్టి లోపల పండుకుంటున్నవా? లే!" అని కేకేసిన. ఇంకోసారి తిట్టిన. చచ్చిన మనిషిని పనిదొంగ అని తిట్టిన. నాకు గూడ తల తిరిగి పక్కకు పడితే అప్పుడు ఎర్కైంది.

తాగి దిగిండని కంపెనీ కాయితం తయారు చేసింది. సాక్షి సంతకం నాది. నాకు అప్పుడు నౌకరి పోతదని భయం. మూడు నెలలకు నేనే ఇడిసిపెట్టి వచ్చిన. ఎవ్వరికీ చెప్పలేదు, మీ అత్తకు గూడ.

సంగారెడ్డి దాటింది. ఈ సో సార్‌ను నేను ఎన్నడు చూడలేదు. ఆయనకు కనవడ్డది ఆ గాలి వల్లనే అని రాద్దామనుకున్న. తువ్వాల రంగు రాసినవు, ఆ మాట రాసినవు, ఇగ గట్ల రాయలేను.

గేటు కనవడ్తున్నది.


పటాన్‌చెరు
5 డిసెంబరు 2024

మామా,

నువ్వు ఎందుకు ఆగలేదు? గేటు కాడికి ఉరికొచ్చేసరికి నువ్వు లేవు. కాయితం ఇచ్చి, రోడ్డుకు అటుదిక్కు మోరీ గట్టు మీద గేటుకు ఈపు పెట్టి కూసున్నవట. లోపలి కేకలకు రోడ్డు మీదోళ్లు గేటు దిక్కు ఉరుకుతుంటే చూసి లేచి ఆటో ఎక్కిపోయినవని యాదన్న చెప్పిండు. నీకు ఏం వినవడదు గదా, లోపల ఏమైతున్నదో తెల్వకనే అన్ని గంటలు బస్సుల ఎట్ల పోయినవు మామా? అత్తకు ఫోన్ చేసి చెప్పిన గని, నీకు నేనే రాయాలె. అందరు బతికే ఉన్నరు.

నీ కాయితం నా చేతికి వచ్చేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. పైపుల గాలి, నైట్రోజన్ అన్నకాడి దాకనే చదివిన. షెడ్డు దాక ఎట్ల ఉరికిన్నో తెల్వదు, ఒక చెప్పు కాంటా కాడనే ఊడిపోయింది. ముందు దిగేటాయన అప్పటికే మూతల ఒక కాలు పెట్టి ఉన్నడు. పేరు దినేశ్. ఎన్క సో సార్. "రుకో! రుకో!" అని అరిసిన. నన్ను చూసి దినేశ్ నవ్విండు. నవ్వి, నేను రాసిన తెల్ల అక్షరాల మీద అరచెయ్యి పెట్టి, "మేడం, ఆప్ హీ నే తో లిఖా హై, కుఛ్ నహీ కర్తా" అన్నడు.

నేనే రాసిన, ఏమీ చెయ్యదని. నిచ్చెన పట్టుకొని ఎక్కి ఆయన అంగీ పట్టి గుంజిన.

మేనేజర్ తిట్టుకుంట వచ్చిండు, పైపు కోసేసినమని. సో సార్ ఒక్క మాట అడిగిండు నన్ను. "టీచర్, లోపల ఏమున్నది?" నైట్రోజన్ అన్న. ఆయనకు ఆ మాట అందలేదు. నీ నోటుబుక్కు కాయితం ఎన్క ఆ గ్యాసుకు రాసే గుర్తు, ఇంగ్లీషు ఎన్ పక్కన కింద రెండు, రాసి చూపెట్టిన. ఆయన మొఖం తెల్లగైంది. "జిల్సో" అన్నడు. గాలి కొలిచే మీటరును తాడు కట్టి లోపలికి దింపిచ్చిండు. మనం పీల్చే గాలిల ఆక్సిజన్ ఇరవై ఒకటి ఉంటదట. మీటరు కూతవెట్టుకుంట నాలుగు చూపెట్టింది.

తర్వాత ఎతికితే తెల్సింది. మిగిలిన పైపులు కోసిండ్రు గని నాలుగోదానిది ఎన్క గోడల కలిసి ఉండి కనవడలేదు. నెల కింద కొత్త గ్యాసు మొదలువెట్టినప్పటి సంది పాత వాల్వు సందులకెల్లి కొంచెం కొంచెం వస్తనే ఉన్నదట.

సాయంత్రం సో సార్ నాకు చెప్పిండు. జిల్సో అంటే వాళ్ల భాషల ఊపిరి ఆపేది అని. గ్యాసు పేరే అదట, చిన్నపిల్లలు గూడ బడిల గదే పేరుతోని నేర్చుకుంటరట. "మా భాషల రాసి ఉంటే నేను మూత దగ్గరికి గూడ పోయేటోన్ని కాదు. ఇంగ్లీషుల ఉన్నది కాబట్టి మిమ్ములను అడిగిన" అన్నడు. తప్పు వట్టి అనలేదు. అందుకే ఎక్కువ నొప్పైంది.

ఆ తెల్ల అక్షరాలు గీకేసిన. "ఈ గాలి ఊపిరి ఆపుతది. లోపలికి తల పెట్టొద్దు" అని రాసిన, హిందీల గూడ. కొరియా అక్షరాలు సో సార్ రాసిండు.

గాలి లేక మెదడు మొద్దుబారితే లేనివి కనవడ్తయని డాక్టరు చెప్పిండు ఆయనకు. నేను గూడ గదే నమ్ముత. నమ్ముతున్న గని, తెలుగు రాని మనిషికి నాగయ్య అడిగిన మాట ఎట్ల వినవడ్డది మామా? ట్యాంకుల ఫ్యానుతోని రెండు దినాలు మంచి గాలి కొట్టిండ్రు. నిన్న మీటరు సక్కగ చూపెట్టినంక సో సార్ దిగిండు. పైకి వచ్చి, "ఖాళీ" అన్నడు. మళ్ల మూత దిక్కు చూసి, "ఎటు పోయిండు?" అని నన్ను అడిగిండు.

నిన్ను తిట్టాల్నని కూసున్న, చాతనైతలేదు. నువ్వు నోటితోని చెప్పినవు, నేను రంగుతోని రాసిన. ఇద్దరికి అర్థం ఎవరో ఇచ్చిందే. కాని సంతకం సంగతి వేరే మామా. నాగయ్య ఇంటోళ్లు తాగి సచ్చిండనే అనుకుంటున్నరా ఇప్పటికి?

రవళి


భానూర్
18 డిసెంబరు 2024

రవళికి,

నీ ఉత్తరం అందినంక నాలుగు దినాలు అన్నం సయించలేదు. మీ అత్తకు అంత చెప్పిన. ఆమె నా అంగీలు రెండు సంచిల పెట్టి తలుపు కాడ ఉంచింది. అందుకే వచ్చిన.

మొన్న గేటు కాడ ఎందుకు ఆగలేదని అడిగినవు. లోపలికెల్లి మళ్ల ఒక మనిషిని ఎత్తుకొస్తరేమో అని. అది చూడనీకి నాకు ధైర్యం లేకుండె. గంతే.

నాగయ్య భార్య పేరు ముత్యమ్మ. గదే ఇంట్ల ఉన్నది. పత్తి ఏరబోయి అప్పుడే వచ్చింది, ఒడిల ఇంకా పత్తి పొట్టు ఉన్నది. నన్ను గుర్తుపట్టింది. కూసొమన్నది. నేను నిలవడే చెప్పిన. షీటు, చాయ్, తిట్టుడు, సంతకం, ఏదీ దాచలేదు. నా గొంతు నాకు వినరాదు గదా, వాడకట్టంత విన్నదో, ఆమెకు గూడ వినవడలేదో తెల్వదు.

ఆమె మెల్లగ మాట్లాడింది. పెదవులు చూసి అర్థం చేసుకునుడు నాకు అలవాటైంది.

"పద్నాలుగు పెత్రమాసలు పోయినయి" అన్నది. "ఒక్క పెద్దల అమాస నాడు గూడ ఆయన పేరు మీద బియ్యం ఇయ్యలేదు. పిల్లలు ఇద్దామంటే నేనే వద్దన్న. తాగి సచ్చినోనికి బియ్యమెందుకు అన్న. ఆయన ఫోటో గోడ దిక్కు తిప్పి పెట్టిన. ఎన్నడు తాగనోడు ఆ ఒక్క దినం ఎందుకు తాగిండో అని ఒక్కసారి గూడ ఆలోచన చెయ్యలేదు. కాయితం మీద రాసిండ్రు గదా అని నమ్మిన."

నేను కాళ్ల మీద పడబోయిన. ఆమె కాళ్లు ఎన్కకు తీసుకున్నది. "గది నాకొద్దు" అన్నది. "ఆ కాయితం అబద్ధమని ఎక్కడ చెప్పాల్నో అక్కడ చెప్పు." చెప్త. సోమవారం లేబర్ ఆఫీసుకు ఇద్దరం పోతున్నం. ఏమైతదో, నన్ను ఏం చేస్తరో తెల్వదు. సంతకం పెట్టిన చేత్తోనే అంత రాసిపెట్టిన. ఒక నకలు నీకు పంపుత, దాచిపెట్టు.

సో సార్‌కు ఆ మాట ఎట్ల వినవడ్డదని అడిగినవు. ఆ మాట నాగయ్య అడిగింది నేను ఒక్కణ్ణే విన్న. ఎవ్వరికీ చెప్పలేదు.

ఇంకొకటి రాయాలె.

చెప్పుడు అయినంక లేచిపోదామనుకున్న. ముత్యమ్మ పోనియ్యలేదు. పొయ్యి ముట్టించి బియ్యం కడిగింది. గోడకున్న ఫోటోను ఇటు తిప్పి కొంగుతోని తుడిచింది. చీకటి పడకముందే అన్నం దించింది. నాకొక విస్తరి వేసింది, తనకొకటి. మూడోది నాకు తనకు నడుమ వేసింది. దాంట్ల ముందుగాల వడ్డించింది, పప్పు, పచ్చిపులుసు, ఒక ఉల్లిగడ్డ. నీళ్ల చెంబు పెట్టింది.

ఆ విస్తరి దిక్కు తిరిగి ఏదో అన్నది. మొఖం అటున్నది, నాకు పెదవులు కనవడలేదు. చానా మాటలే అన్నది. నడుమ నడుమ ఆగింది, అవతలోళ్లు చెప్పేది విన్నట్టు.

తర్వాత నా దిక్కు తిరిగి, కోపం లేకుండ, బస్సుల పక్కోనికి చెప్పినట్టు చెప్పింది.

"జెర జరుగు. ఆయన మోకాళ్లు చాపుకుంటడు."

నేను గోడ దాక జరిగిన.

మామ
ప్రభాకర్